ఐజక్ కొడుకు ఆస్బరీ

హేగర్స్ ల్యాండింగ్, దక్షిణ కెరొలైనా
1993 ఆగస్టు 30

ఒసేయ్ బింకీ,

ఫిలడెల్ఫియా క్షేమంగా చేరావని నీ కార్డు చూసి తెలుసుకున్నాను. నువ్వు చేరావు సరే, నీ సినిమా మనుషులు నా వరండాలో మరిచిపోయిన నల్ల తీగల చుట్ట మాటేమిటి? మొన్న మసక వెలుతురులో పామనుకుని కర్ర కూడా ఎత్తాను. పోస్టులో పంపమంటే పంపను. వచ్చి తీసుకుపో. ఆ వంకనైనా ఇటు వస్తావు.

ఇక్కడ అందరికీ నీ సినిమా గోలే. "మీ జోనెల్ నా టోపీని సినిమాలో తీసిందా, పక్కనుంచి తీసిందా ఎదురుగా తీసిందా" అని పాస్టరుగారి భార్య రెండుసార్లు వచ్చింది. జైళ్ళ మీద నువ్వు తీసిన సినిమాలో మన నల్లవాళ్ళు ఏడ్చారు. ఉక్కు మిల్లు మూతపడ్డ ఊరి మీద తీసినదాంట్లో తెల్లవాళ్ళూ మనవాళ్ళూ కలిసి ఏడ్చారు. నవ్వే మొహాలు నీ కెమెరాకి ఆనవా తల్లీ?

సరే, అసలు సంగతికి వస్తాను. కుటుంబాల కలయిక నాడు భోజనాల దగ్గర నేను పేర్లు పిలిచాను కదా. మన వంశానికి మూలమైన హేగర్ అవ్వ మొదలుకుని మొన్న పుట్టిన పసిగుడ్డు దాకా, బతికున్నవాళ్ళు "ఉన్నాను" అంటారు, పోయినవాళ్ళ తరఫున మిగతావాళ్ళం "ఉన్నాడు" అంటాం. పిలిచే పెద్దరికం ఈ ఏడే నాకు వచ్చింది. ఆస్బరీ ఎప్పటిలాగే దూరంగా చేపలు వేయిస్తున్నాడు. వాడు మీసాలు రాని రోజుల నుంచీ మన కలయికకు చేపలు వేయిస్తూనే ఉన్నాడు, మన బల్ల దగ్గర కూర్చుని తిన్నది మాత్రం నేను చూడలేదు. ఎందుకో నా నోటికి వచ్చేసింది. "ఐజక్ కొడుకు ఆస్బరీ" అని పిలిచేశాను. వాడు మా నాన్నకు బయట పుట్టిన కొడుకని ఊరందరికీ తెలుసు, పైకి అన్నవాళ్ళు లేరు. వాడు చిల్లుల గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయి, "ఉన్నాను" అన్నాడు.

ఆ ముక్క సినిమాలోంచి తీసెయ్. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది. మనవాళ్ళ ముందు పిలిచాను, మనవాళ్ళు విన్నారు, అది చాలు.

ఫోను తీయించేశాను. ఏరు అవతల గోల్ఫ్ మైదానాలు వేసిన ఆ కంపెనీవాళ్ళు పొద్దస్తమానం "అమ్ముతారా, అమ్ముతారా" అని ప్రాణం తీస్తున్నారు. ఇకమీదట నీకూ నాకూ ఉత్తరాలే.

వేళకు తిను. చలికి ముందే కోటు కొనుక్కో.

మీ ఎథెలిన్ అత్త


ఫిలడెల్ఫియా
1993 సెప్టెంబరు 14

ప్రియమైన అత్తా,

తీగల చుట్ట నీ దగ్గరే ఉండనీ. బట్టలు ఆరేసుకో.

నువ్వు తీసెయ్యమన్న ముక్క గురించి మూడు రోజులుగా ఆలోచించి రాస్తున్నాను. కోపం తెచ్చుకోకు. నాతో కూర్చుని ఈ సినిమాను అతికించే అమ్మాయి అయోవా పిల్ల, చర్చి మొహం చూడనిది. ఆ అమ్మాయి ఆ ముక్క చూసి లేచి బయటకు వెళ్ళిపోయింది, కళ్ళు తుడుచుకుని వచ్చింది. మొత్తం సినిమాలో ప్రాణం అక్కడే ఉంది. నేల పోగొట్టుకుంటున్నవాళ్ళ కథలు టీవీలో చాలా వచ్చాయి అత్తా. ఒక మనిషిని ఆ నేలవాళ్ళలో కలుపుకున్న కథ రాలేదు.

నీ బాధ నాకు అర్థమైంది. తాతయ్య చర్చిలో డీకన్, నలుగురికీ పెద్ద. ఆయనకు బయట ఒక కొడుకున్నాడని లోకమంతా చూడటం నీకు సిగ్గు. కానీ ఆస్బరీ బాబాయి సిగ్గుపడుతూ బతికిన కాలం లెక్కలోకి రాదా? సినిమాలో కనిపించడానికి ఒప్పుకున్నట్టు అందరి దగ్గరా కాగితం మీద సంతకం తీసుకున్నాను కదా, బాబాయి కూడా పెట్టాడు. చేతులకు పిండి ఉందని తుడుచుకుని మరీ పెట్టాడు.

నిజం చెప్పడం నువ్వే నేర్పావు.

నీ బింకీ


హేగర్స్ ల్యాండింగ్
1993 సెప్టెంబరు 22

జోనెల్,

సిగ్గా? నాకా? మా అమ్మ బతికుండగానే, ఆస్బరీ తల్లి జబ్బు పడితే పులుసు గిన్నె పట్టుకుని మూడు మైళ్ళు నడిచినదాన్ని నేను. నాకు సిగ్గు పాఠం చెబుతున్నావు. చదువుకున్నావు కదా, నా మనసులో ఏముందో నాకంటే నీకే బాగా తెలుసులే.

నా బాధ వేరు. ఈ నేలకు వీలునామా లేదు, పంపకం లేదు. హేగర్ అవ్వ రక్తం ఎవరి ఒంట్లో ఉంటే వాళ్ళందరిదీను. అందరిదీ అయినదాన్ని ఎవడూ అమ్మలేడని మా నాన్న అనేవాడు. కోర్టు మెట్లెక్కి కాగితం రాయించుకున్న మనవాళ్ళలో నేల నిలబెట్టుకున్నవాణ్ణి ఆయన చూడలేదు. అందుకే ఏటా కలయిక నాడు పొద్దున చర్చిలో ఒక్కొక్కరం బైబిలు మీద చెయ్యి పెట్టి అమ్మమని ఒట్టేస్తాం. మనలో ఎవరెవరున్నారో మనకు తెలిస్తే చాలు. బయటివాడికెందుకు? ఇంతకంటే విడమరచి చెప్పడం నాకు రాదు. లాయర్ని కాను. ఇది మంచికి కాదనిపిస్తోంది, అంతే.

చెప్పాల్సింది చెప్పాను. ఇక నీ ఇష్టం.

ఎథెలిన్


ఫిలడెల్ఫియా
1994 ఫిబ్రవరి 20

అత్తా, బంగారు అత్తా,

నా ఇష్టానికి వదిలేసినందుకు నీకు ఎన్ని దండాలు పెట్టినా చాలదు. ఆ ముక్క ఉంచాను. పోయిన మంగళవారం దేశమంతా టీవీలో చూశారు. నెబ్రాస్కా నుంచి ఒక ముసలి రైతు రాశాడు, తెల్లవాడే, వాళ్ళ పొలం బ్యాంకు పట్టుకుపోయిందట. "మీ అత్త పేర్లు పిలుస్తుంటే మా అమ్మ గుర్తొచ్చింది" అని. మీ రాష్ట్ర శాసనసభలో ఒకాయన ఈ నేలల గురించి చట్టం తెస్తానంటున్నాడట. ఇక ఆ కంపెనీ మీ జోలికి రావాలంటే పదిసార్లు ఆలోచించుకోవాలి. దేశం చూస్తోంది అత్తా. మనల్ని ఇప్పుడు ముట్టుకోలేరు.

చూశావా? ఎలా ఉంది? కోపం పోయిందా?

నీ బింకీ


హేగర్స్ ల్యాండింగ్
1994 మార్చి 3

ఒసేయ్ బింకీ,

దండాలెందుకే? నేను ఒప్పుకున్నదెప్పుడు? సరే, అయిందేదో అయింది. చూశాను. చర్చిలో టీవీ పెట్టించారు. ఆస్బరీని ముందు వరసలో కూర్చోబెట్టాం. వాడి ముక్క వచ్చినప్పుడు అందరం వాడివైపే తిరిగాం. అయిపోయాక పాస్టరుగారి భార్య "నా టోపీ సగమే పడింది" అంది, అప్పుడు నవ్వాం. వాడు మాత్రం నవ్వలేదు, లేవలేదు. దీపాలు ఆర్పేస్తున్నా అలాగే కూర్చున్నాడు.

నీ మీద కోపం ఉందనే అనుకున్నాను, కాగితం తీసుకుంటే రాయబుద్ధి కావడం లేదు. ఎందుకంటే వాడు ఇప్పుడు ఆదివారం ఆదివారం మా ఇంటికి భోజనానికి వస్తున్నాడు. టై కట్టుకుని వస్తాడు. చేతిలో చేప ఉంటుంది, ఆ చేపకీ టైకీ పొత్తు కుదరదు. రొయ్యలూ బెండకాయా పులుసు పెట్టి టమాటా వేసి ఎర్రన్నం వండితే, "అక్కా, నాన్నకి ఇదే ఇష్టమా?" అని అడిగాడు. అక్కా అన్నాడు. భార్య పోయి, పిల్లలు లేక, ఇన్నాళ్ళూ ఆ పడవ ఇంజన్లతోనే మాట్లాడుకుంటూ బతికాడు పాపం.

అన్నట్టు, నీ మనిషి వచ్చి వెళ్ళాడు. మంచి చొక్కా, మర్యాదస్తుడు, సినిమా బాగుందని తెగ పొగిడాడు. ఇంకేదో సంతకం మిగిలిపోయిందట, ఆస్బరీ ఇల్లెక్కడని అడిగాడు. రేవు దాటి ఎడమకు తిరగమని నేనే చెప్పాను. మంచినీళ్ళిచ్చాను. ఈసారి తీగలేవీ మరిచిపోలేదు.

మీ అత్త


ఫిలడెల్ఫియా
1994 మార్చి 9

అత్తా,

నేను ఎవరినీ పంపలేదు.

ఆస్బరీ బాబాయిని ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దని చెప్పు. ఈ ఉత్తరం చదవగానే వెళ్ళు. పక్కింటి ఫోను నంబరు నా దగ్గర లేదు, చర్చికి చేస్తే ఎవరూ ఎత్తడం లేదు. ఆ మనిషి కంపెనీ మనిషి అయి ఉంటాడు. దయచేసి వెంటనే వెళ్ళు.

జోనెల్


హేగర్స్ ల్యాండింగ్
1994 మార్చి 17

బింకీ,

వెళ్ళాను. అప్పటికే అయిపోయింది.

వాడు ఇంజను విప్పుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి మొహమంతా నవ్వు చేసుకుని లేచాడు. "అక్కా, నేనే చెబుదామనుకుంటున్నా. నన్ను కలిపేశారు" అన్నాడు. ఏమిట్రా కలిపింది అన్నాను. లోపలికెళ్ళి కాగితం తెచ్చాడు. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో "నేను ఐజక్ బ్లైగెన్ కుమారుణ్ణని ప్రమాణపూర్వకంగా చెబుతున్నాను" అని ఉంది. అది వేలు పెట్టి చదివి వినిపించాడు. రెండోసారి కూడా చదివాడు. తక్కిన పేజీలు చిన్న అక్షరాలు. వాటిని వాడు చదవలేదు, నేను చదివాను. తన వాటా కంపెనీకి అమ్మినట్టు ఉంది.

"అమ్మేశావురా" అన్నాను.

"నేనమ్మలేదక్కా. నన్ను కలిపారు."

"డబ్బివ్వలేదూ?"

"ఇచ్చారు. చెక్కు చూసి సినిమాలో కనపడ్డందుకు కూలి అనుకున్నా. జోనెల్ కాగితం మీద పెట్టినట్టే దీని మీదా పెట్టాను. ఆయన సినిమా గురించే మాట్లాడాడు."

 మనమందరం ఒట్టేశాం కదే. ఒట్టెయ్యనివాడు మన నేల మొత్తానికి వాడొక్కడే. ఆ రోజు పొద్దున మనం చర్చిలో బైబిలు మీద చేతులు పెడుతుంటే వాడు బయట నూనె కాస్తున్నాడు. వాణ్ణి లోపలికి రమ్మన్నవాళ్ళెవరు? ఎవరమూ రమ్మనలేదు.

అందరిదీ అయితే ఎవడూ అమ్మలేడన్నాడు మా నాన్న. కోర్టు గుమాస్తాను అడిగితే ఉల్టా చెప్పాడు. గోరంత వాటా ఉన్నవాడైనా పంపకం అడగొచ్చట. ముక్కలు చెయ్యడం కుదరకపోతే జడ్జి మొత్తం వేలం వేయిస్తాడట. మా నాన్న తప్పు చెప్పాడు. ఆయన చెప్పింది తప్పని నేను వినడం ఇదే మొదటిసారి.

ఎథెలిన్


ఫిలడెల్ఫియా
1994 ఏప్రిల్ 2

అత్తా,

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తెలుసు, అయినా పట్టుకోవాలి. చార్లెస్టన్‌లో ఒక మంచి లాయరు దొరికాడు. ఆయన మాట ఇదీ: కంపెనీ కేసంతా ఒక్క మాట మీద నిలబడి ఉంది. ఆస్బరీ తాతయ్య కొడుకు అయితేనే అతనికి వాటా, వాటా ఉంటేనే కంపెనీకి హక్కు. తాతయ్య లేడు, ఆస్బరీ తల్లి లేదు. అతని పుట్టుక కాగితంలో తండ్రి పేరు రాయలేదు. ఇక సాక్ష్యమంటూ మిగిలింది నా సినిమా, నువ్వు.

నిన్ను బోనెక్కిస్తారు. "చర్చిలో అందరూ అన్నదమ్ములే, ఆ వరసన పిలిచాను, పాపం ఎవరూ లేనివాడని దయతలచి పిలిచాను" అని చెబితే చాలట. కేసు పోతుంది, నేల నిలుస్తుంది. అబద్ధం కూడా కాదు కదా అత్తా, చర్చిలో అందరూ అన్నదమ్ములే కదా.

ఆ మనిషి మీద నాకు జాలి లేదు. కూలి అనుకున్నాడట! అంత చెక్కు ఎవడైనా చేపలు వేయిస్తూ కనపడ్డందుకు ఇస్తాడా? తెలిసే తీసుకున్నాడు. నువ్వు అతన్ని ఆదివారాలు ఇంటికి రానివ్వకు.

జోనెల్


హేగర్స్ ల్యాండింగ్
1994 అక్టోబరు 19

బింకీ,

నిన్న కోర్టుకి నువ్వు వస్తావనుకున్నాను. రాలేనన్న నీ ఉత్తరం అక్కడికి బయల్దేరబోతుంటే అందింది. అవార్డేదో ఇస్తున్నారట కదా. మంచిదే.

అంతా రాస్తాను, విను. జడ్జి టీవీ పెట్టించాడు. కోర్టులో నీ సినిమా వేశారు. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. హేగర్ అవ్వ దగ్గర మొదలుపెట్టి వరసగా వచ్చాయి పేర్లు. అలవాటు కొద్దీ మనవాళ్ళు వెనక బెంచీల్లో "ఉన్నాను", "ఉన్నాడు" అని మెల్లగా అంటూనే ఉన్నారు, జడ్జి సుత్తితో కొట్టి ఊరుకోమన్నాడు. ఆస్బరీని కంపెనీ లాయర్లు తమ పక్కన కూర్చోబెట్టుకున్నారు. టై కట్టుకున్నాడు. నావైపు చూడలేదు. తన చేతులే చూసుకుంటున్నాడు, వేళ్ళ సందుల్లో ఇంజను నూనె ఎంత కడిగినా పోదు వాడికి.

నన్ను పిలిచారు. బైబిలు మీద చెయ్యి పెట్టించారు. "అమ్మా, ఆ కూర్చున్న మనిషి మీ తండ్రి ఐజక్ గారి కొడుకా?" అని అడిగారు.

నీ లాయరు చెప్పిన మాట పొద్దున్నుంచీ వల్లె వేసుకుని వచ్చాను. నాలిక చివరిదాకా వచ్చింది. చర్చిలో అందరూ అన్నదమ్ములే అనాలి, అంతే. నేలా ఇల్లూ సమాధులూ అన్నీ ఆ ఒక్క వాక్యంలో ఉన్నాయి. అప్పుడు వాడు తలెత్తాడు. మా నాన్న కళ్ళు, మా నాన్న నుదురు. గుడ్డివాళ్ళకి తప్ప అందరికీ కనపడుతుంది.

"అవును, కొడుకే" అన్నాను.

నీ లాయరు కళ్ళు మూసుకున్నాడు. ఆస్బరీ ఏడ్చాడు. నేను ఒప్పుకున్నందుకు ఏడ్చాడో, ఏం చేశాడో వాడికప్పుడు తెలిసొచ్చి ఏడ్చాడో నేను అడగలేదు. కోర్టు మెట్లమీద నా వెనక "అక్కా, అక్కా" అంటూ వచ్చాడు. నేను ఆగలేదు.

వేలం జనవరిలో.

ఎథెలిన్


ఫిలడెల్ఫియా
1995 జనవరి 28

అత్తా,

వేలం సంగతి లాయరు ఫోను చేసి చెప్పాడు. పాడినవాడు కంపెనీవాడొక్కడే అట.

ఒక్క వాక్యం అత్తా. ఒక్క వాక్యం అనలేకపోయావా? నిన్ను తిట్టాలని ఉంది, ఏ మొహంతో తిట్టను? నేనే కదా ఉంచింది. టీవీ వాళ్ళకు రాశాను, ఆ ముక్క కోసేస్తాను, ఇక ఎక్కడా చూపించరు. సినిమాయే వెనక్కి తీసుకుందామంటే కుదరదన్నారు.

నువ్వు ఫిలడెల్ఫియా వచ్చెయ్. నా దగ్గర గది ఉంది.

నీ బింకీ


1995 ఏప్రిల్ 11

బింకీ,

నేనెక్కడికీ రాను. బస్తీలో మీ నాన్న వేలువిడిచిన తమ్ముడికి చక్రాల ఇల్లుంది, ట్రైలరంటారే, దాని వెనక గదిలో ఉంటున్నాను. కిటికీలోంచి టైర్ల దుకాణం కనపడుతుంది. ఆ ముక్క కావాలంటే కోసుకో, వద్దంటే ఉంచుకో, నీ సినిమా గొడవ నాకు వద్దు. కోసినా నేల రాదు.

ఇది రాయడానికి వారం నుంచీ కూర్చుని లేస్తున్నాను. ఇంకెవరి దగ్గరా చెప్పను.

కంపెనీవాళ్ళు ల్యాండింగ్ చుట్టూ కంచె వేసి గేటు పెట్టారు. గేటు దగ్గర కాపలా ఎవరనుకున్నావ్, మన చుట్టం రోజెట్టా కూతురే, వాళ్ళ చొక్కా తొడుక్కుని. సమాధులు కదిలించబోమన్నారు, అది వాళ్ళ దయ. కుటుంబంలోవాళ్ళు చూసుకోవడానికి రావచ్చు, పోయినవాళ్ళని పూడ్చుకోనూవచ్చు, కాకపోతే పేర్లు ముందే ఇవ్వాలి. ఫిబ్రవరిలో నన్ను ఆఫీసుకి పిలిచారు. పెద్దదాన్ని కదా, పేర్లు నేనే చెప్పాలట. ఒక తెల్లపిల్ల టైపు మిషను ముందు కూర్చుంది. నేను హేగర్ అవ్వ దగ్గర మొదలుపెడితే, "బతికున్నవాళ్ళు చాలండీ" అంది. సరేనని చెప్పుకుంటూ పోయాను. నీ పేరు చెప్పాను. ఆస్బరీ దగ్గరికి వచ్చేసరికి నా నోరు మూసుకుపోయింది. మరిచిపోలేదు. వెయ్యిమంది ముందు, జడ్జి ముందు చెప్పినదాన్ని, ఆ పిల్ల ముందు చెప్పలేదు. "అంతేనా?" అని అడిగింది. అంతే అన్నాను.

ఆస్బరీ ఆ గేటు దాకా వెళ్ళి రెండుసార్లు తిరిగొచ్చాడట. రోజెట్టా కూతురు తర్వాత చెప్పింది. "ఎవర్ని చూడటానికి బాబాయ్?" అంటే "మా నాన్నని" అన్నాడట. పేరు లేదంటే, "పర్లేదు, అక్క మర్చిపోయి ఉంటుంది, నేను చెప్తాలే" అన్నాడట. వాడు నాకు మాత్రం చెప్పలేదు. ట్రైలరు దాకా ఒకసారి వచ్చాడు, తలుపు కొట్టాడు, నేను తియ్యలేదు. మెట్టుమీద చేప పెట్టి వెళ్ళాడు. నేను దాన్ని చెత్తలో వేశాను.

పోయిన నెలాఖరున పోయాడు. గుండె ఆగింది, పడవలోనే. చెక్కు డబ్బులో ఒక్క డాలరు ముట్టుకోలేదట, మా నాన్న సమాధికి రాయి పెట్టించమని పాస్టరుగారి చేతికి ఇచ్చి ఉంచాడు. మా నాన్న పక్కన పూడ్చమని కూడా చెప్పుకున్నాడు. గొయ్యి తవ్వడానికి వెళ్ళినవాళ్ళని గేటు దగ్గర ఆపేశారు. పాస్టరుగారు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. నేను ఆఫీసుకి పరుగెత్తాను, ఈ మోకాళ్ళతో. "వాడు మా తమ్ముడు, ఐజక్ కొడుకు, రాసుకో" అని అరిచాను. ఆ పిల్ల పాపం మంచిదే. చేర్చాలంటే అట్లాంటాలోని కంపెనీ పెద్దాఫీసు నుంచి ఉత్తరం రావాలి, రెండు మూడు వారాలు పడుతుంది మేడమ్ అంది. శవం అన్నాళ్ళు ఆగుతుందా?

కౌంటీ సర్కారువాళ్ళ శ్మశానంలో పూడ్చాం, హైవే పక్కన. ముందు చర్చిలో ప్రార్థన జరిగింది. నేను లోపలికి వెళ్ళేసరికి అందరూ వచ్చి ఉన్నారు. నేనేం చేశానో అప్పటికి అందరికీ తెలుసు. పోయినవాడి కుటుంబం కూర్చునే ముందు వరస బెంచీ ఖాళీగా ఉంది. వెళ్ళి అందులో కూర్చున్నాను, ఒక్కదాన్నే. లెమ్మని ఎవరూ అనలేదు. ఒక్కరైనా అని ఉంటే బావుండేది.

ఎథెలిన్